‘రాదు’ అనకండి, ‘ఇంకా రాలేదు’ అనండి

లెక్కల పరీక్ష పేపరు దిద్ది ఇచ్చారు. నూటికి 28 మార్కులు! అప్పుడు మీ నోటివెంట వచ్చే మొదటి మాట ఏది? ‘నాకు లెక్కలు రావు’ అనేగదా!

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు పెద్దలు. మరి మనతో మనం మాట్లాడుకునేటప్పుడు కూడా మాటను బట్టి ఫలితం మారుతుందా? మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగాలతో పరీక్షించారు.

అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే పరిశోధకులు అయిదో తరగతి పిల్లలకు కొన్ని చిక్కు సమస్యలిచ్చారు. పిల్లలు వాటిని సాధించాక కొందరిని ‘తెలివైనవారు’ అనీ, మరికొందరిని ‘బాగా కృషి చేశారు’ అనీ మెచ్చుకున్నారు. తరువాత చాలా కష్టమైన సమస్యలిచ్చారు. అందరూ తడబడ్డారు. మూడోసారి మళ్ళీ మొదటివంటి సమస్యలే ఇచ్చారు. ‘తెలివైనవారు’ అనిపించుకున్నవారు మొదటికంటె వెనుకబడ్డారు. ‘కృషి చేశారు’ అనిపించుకున్నవారు ముందుకు వెళ్ళారు! ఈ ఫలితాలు 1998లో వెలువడ్డాయి.

కారణమేమిటి? తెలివి వల్లనే గెలిచామనుకుంటే, ఓడినప్పుడు తెలివి లేదనుకోవలసి వస్తుంది. కృషి వల్ల గెలిచామనుకుంటే, ఓడినప్పుడు మరికొంత కృషి చేయవచ్చు.

అలాగని తీయని అబద్ధాలు చెప్పుకుంటే లాభం లేదు. 2009లో కెనడాలో జోఆన్ వుడ్, ఆమె సహచరులు జరిపిన ప్రయోగంలో, తమపై తమకు నమ్మకం తక్కువగా ఉన్నవారిచేత ‘నేను అందరి ప్రేమకూ తగినవాడిని’ వంటి మాటను పదేపదే అనిపించారు. వారి మనసు తేలికపడలేదు సరికదా, మరింత కుంగింది. నమ్మలేని మాటను మనసు ఒప్పుకోదు మరి!

కాబట్టి మాట నిజమైనదై ఉండాలి. ‘రాదు’ అంటే ఇప్పుడూ రాదు, ఎప్పుడూ రాదు అని అర్థం. ఒక్క పరీక్షతో అంత మాట ఎలా అనగలం? ‘ఇంకా రాలేదు’ అంటే ఇప్పటివరకు జరిగిన సంగతి మాత్రమే. అదే అసలైన నిజం.

మీరూ ఒక ప్రయోగం చేయండి. నోటుబుక్కులో ఒక పేజీ మధ్యగా గీత గీయండి. వారం రోజులపాటు మీరన్న ‘రాదు, చేతకాదు’ మాటలను ఎడమవైపు రాయండి. ప్రతిదానికీ ఎదురుగా, సరిగ్గా ఏది ఇంకా రాలేదో రాయండి. ‘త్రికోణమితి రాదు’ అన్నది ‘సైన్‌కూ కొసైన్‌కూ తేడా ఇంకా తెలియలేదు’ అని మారుతుంది.

మాట మార్చినంత మాత్రాన లెక్క రాదు. కాని రేపు మాష్టారిని ఏమి అడగాలో మీకు తెలుస్తుంది. అడగండి!