ఎలగందుల కొండకు ఒక పూట

కరీంనగరానికి సుమారు 10 కిలోమీటర్ల దూరమున, సిరిసిల్లకు పోవు దారిలో, మానేరు ఒడ్డున ఎలగందుల కొండ కలదు. 1905లో కరీంనగరమునకు మారువరకు జిల్లా కేంద్రము ఆ ఊరే. తరగతి గదిలో మేము చెప్పు చరిత్రను కన్నులార చూడదలచిన విద్యార్థులకు ఒక పూట చాలును.

తెల్లవారుజామున బస్సులో ఊరు చేరి, అక్కడినుండి నడక మొదలిడవలెను. ఎండ ముదిరినచో బండలు కాలును; త్రాగునీరు వెంట ఉండవలెను. ప్రాకారములు శిథిలమైనవి, మెట్లు కొన్నిచోట్ల విరిగినవి. కనుక దారి తెలిసిన స్థానికు నొకనిని ముందుంచుకొని, అతని వెనుకనే అందరును సాగవలెను. తొందరపడి ముందుకు పరుగిడుట సాహసము కాదు, అవివేకము.

కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, నిజాములు ఈ దుర్గము నేలిరి. కొండపై మసీదును ఆలయమును రెండును కలవు. దిగువనున్న జంట మీనార్లు ఊపినచో కదలునని ప్రసిద్ధి. దయచేసి ఆ పరీక్షకు పూనుకొనవద్దని మా మనవి. కూలినదానిని మరల నిలుపువా రెవ్వరు?

పైనుండి చూచినచో దిగువ మానేరు జలాశయము కనుచూపుమేర పరచుకొని యుండును. 1985లో పూర్తియైన ఈ ఆనకట్ట సామర్థ్యము సుమారు 24 టి.ఎం.సి.లు. పొలములకును పట్టణమునకును ఆ నీరు ఆధారము. కాని దాని అడుగున కొన్ని పల్లెలు మునిగినవి. మనము త్రాగు నీటిలో ఊరు విడిచినవారి ఋణము కలదు.

దిగివచ్చిన పిదప నీటిలోనికి దిగక, ఒడ్డున కొంతసేపు మౌనముగా కూర్చుండి ఆ ఋణమును తలచుకొనుడు. మధ్యాహ్నమునకు ఇల్లు చేరవచ్చును.