గర్భిణి భోజనము – బిడ్డ గుండె

గుండెజబ్బు ముదిమియందు వచ్చునని తలంతుము. దాని మూలము తల్లి గర్భమందే యుండునా యని పండితులు పరిశోధించుచున్నారు.

ఆరోగ్యవంతమగు రక్తనాళము గుండె కొట్టుకొనినపుడెల్ల సాగి, మరల ముడుచుకొనును. అది బిరుసెక్కెనేని గుండెకు శ్రమ హెచ్చును.

హైదరాబాదు చేరువనున్న 29 గ్రామములలో 1987–90 నడుమ జాతీయ పోషకాహార సంస్థవారొక పరిశోధన జరిపిరి. 15 గ్రామములలో గర్భిణులకును, ఆరేండ్ల లోపు శిశువులకును ప్రతిదినము పుష్టికరమగు ఉపాహారము నొసంగిరి. వైద్యసేవలను గూడ జతపఱచిరి. తక్కిన 14 గ్రామములలో నది లేదు. 2003–05 నడుమ ఆ పిల్లలకు 13 మొదలు 18 ఏండ్లు రాగా, 1,165 మందిని పరీక్షించిరి. ఉపాహారమందిన గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి; వారి నాళముల బిరుసుతనమును తక్కువయే. రక్తపుపోటున మాత్రము భేదము కానరాలేదు. కావున నదియొక్కటే సర్వరక్షయని చెప్పరాదు. అయినను మేలు స్వల్పము కాదు.

ఇంటిల్లిపాదియు భుజించినపిదప మిగిలినదే కోడలికను నాచారము పెక్కిండ్ల నింకను గలదు. బిడ్డ పెరిగిన ప్రసవము కష్టమగునని గర్భిణికి కడుపు మాడ్చువారును గలరు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమల యత్తలారా! అంగన్‌వాడీ భోజనమునకు కోడలిని పంపుట నామోషి కాదు. ఇంటను ఆమె విస్తరియే ముందు వేయుడు. అందు వడ్డించునది మీ మనుమని గుండెకును జేరును.