ఆ సైరన్ మోగేది ల్యాప్‌టాప్‌లో కాదు, బ్రౌజర్ ట్యాబ్‌లో!

స్క్రీన్ ఎర్రగా మారి, "వైరస్ దొరికింది, ఈ నంబర్‌కి కాల్ చేయండి" అని సైరన్ మోగుతోందా? కంగారు పడకండి, అది ఫుల్ స్క్రీన్‌లో తెరుచుకున్న మామూలు వెబ్ పేజీ. దానికి మీ హార్డ్ డిస్క్ స్కాన్ చేసే సీనే లేదు. మైక్రోసాఫ్ట్ అసలు వార్నింగ్‌లలో ఫోన్ నంబర్ ఉండదు కూడా. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి. పోలేదా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని క్లోజ్ చేయండి. విండోస్‌లో ఉన్న డిఫెండర్‌తోనే ఫుల్ స్కాన్ చేసుకోవచ్చు, కొత్తగా ఏదీ కొనక్కర్లేదు.

నాన్నగారు ఆల్రెడీ కాల్ చేసి ఎనీడెస్క్ ఇన్‌స్టాల్ చేసేశారా? అసలు డేంజర్ ఇక్కడే. ముందు వైఫై ఆపండి, వేరే ఫోన్ నుంచి బ్యాంక్ పాస్‌వర్డ్ మార్చండి. డబ్బు కట్ అయితే మాత్రం బంజారా హిల్స్‌లోని సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఆఫీసు వెతుక్కుంటూ బయల్దేరొద్దు, వెంటనే 1930కి కాల్ చేయండి. డబ్బు చేతులు మారకముందే ఫ్రీజ్ చేయించే ఛాన్స్ ఉంటుంది.