జబ్బు డ్రమ్ములో, మందు కేబుల్‌కి

సాలూరు లారీల ఊరు. వేగావతి ఒడ్డున ఉన్న ఈ పట్టణంలో లారీ ఓనర్లు, డ్రైవర్లు, బాడీలు కట్టేవాళ్లు, ఇంజను మేస్త్రీలు, టైర్ల షాపులవాళ్లు అందరూ రాయ్‌పూర్ రోడ్డును నమ్ముకుని బతుకుతున్నారు. ఒకప్పుడు దాని నంబరు 43, ఇప్పుడు 26. ఊరు దాటి పి.కోనవలస వైపు వెళ్తే ఘాట్ మొదలవుతుంది. మలుపులన్నీ ఎక్కితే ఒడిశాలోని సుంకి, ఆపైన పొట్టంగి, కొరాపుట్.

ఈ దారిలో పెద్ద లారీల సంగతి అందరూ మాట్లాడుకుంటారు. కొండ ఊళ్ల నుంచి చింతపండు, అల్లం, పనసకాయలు దించే పాత పికప్ బళ్ల ఊసు తక్కువ. వాటి హ్యాండ్ బ్రేకు ఊసు మరీ తక్కువ. ఫుట్ బ్రేకు పడకపోతే ఏ డ్రైవరూ బండి కదపడు. హ్యాండ్ బ్రేకు పడకపోతే మాత్రం గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టి దిగిపోతాడు.

సరుకుతో కలిపి మూడు టన్నులుండే బండి, వంద అడుగులకు పది అడుగులు లేచే రోడ్డు మీద ఆగిందనుకుందాం. దాన్ని కిందికి లాగే బలం సుమారు 300 కిలోల బరువుకు సమానం. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 13వది, నిండు బరువుతో ఉన్న సరుకు బండిని హ్యాండ్ బ్రేకు 18 శాతం వాలులో కూడా నిలబెట్టాలంటుంది. అక్కడ ఈ లాగుడు 500 కిలోలు దాటుతుంది. అంత బలాన్నీ కాచేది సన్నటి ఉక్కు కేబుల్, రెండు వెనక చక్రాల్లోని బ్రేక్ షూలు.

లివర్ లాగితే కేబుల్ బిగుసుకుంటుంది. మధ్యలో ఉన్న బద్ద ఆ లాగుడును రెండు చక్రాలకూ సమానంగా పంచుతుంది. డ్రమ్ములోని చిన్న మీట షూలను బయటికి నెడితే, వాటి మీది లైనింగు డ్రమ్మును ఒరుసుకుని పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ లైనింగు పలచబడుతుంది, డ్రమ్ము లోపలివైపు అరుగుతుంది, మధ్యన సందు పెరుగుతుంది. ఆ సందు పూడ్చడానికే లివర్ పైపైకి లేస్తూ ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. లివర్ బాగా పైకి వస్తోందనగానే బండి కిందికి దూరి కేబుల్ నట్టు నాలుగు చుట్లు బిగించేస్తారు. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు, లివర్ కూడా గట్టిగానే ఉంటుంది. కానీ లోపలి మీట పూర్తిగా వెనక్కి రాదు. షూలు ఎప్పుడూ కాస్త తెరుచుకునే ఉండి, బండి నడుస్తున్నంతసేపూ డ్రమ్మును రాస్తూనే ఉంటాయి. డ్రమ్ము కాలుతుంది, ఉన్న లైనింగు ఇంకా తొందరగా పోతుంది, ఘాట్ దిగేటప్పుడు ఫుట్ బ్రేకు పట్టు కూడా సడలుతుంది. హ్యాండ్ బ్రేకు బాగుచేశామనుకుని అసలు బ్రేకునే పాడుచేసుకోవడం ఇది.

తెలిసిన మేస్త్రీ పని చక్రం దగ్గర మొదలుపెడతాడు. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేసి, వెనక ఇరుసును జాకీ మీద కాకుండా గట్టి స్టాండ్ల మీద నిలబెడతాడు. డ్రమ్ము విప్పాక దుమ్మును నోటితోనో ఎయిర్ గొట్టంతోనో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తడిగుడ్డతో తుడవాలి. లైనింగు నూనెతో తడిసి ఉంటే వీల్ సిలిండరో, ఇరుసు ఆయిల్ సీలో కారుతున్నట్టే. ఆ కారుడు ఆపకుండా కొత్త షూలు వేస్తే డబ్బు దండగ. షూలు రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. స్ప్రింగుల్లో బలం ఉందో లేదో చూడాలి. ఆ తర్వాత కేబుల్ వదులుగా ఉంచి, డ్రమ్ము చల్లగా ఉన్నప్పుడే పళ్ల చక్రం తిప్పి షూల సందు సరిచేయాలి. కేబుల్ బిగించడం అన్నిటికన్నా ఆఖరి పని. లివర్ ఎన్ని పళ్ల దగ్గర పట్టాలో బండిబండికీ వేరు, కంపెనీ పుస్తకంలో ఉంటుంది.

కేబుల్‌కు వేరే శత్రువు ఉంది. అది వాడకపోవడం. వానాకాలం బురద నీళ్లు తొడుగులోకి దిగి తీగ తుప్పు పడుతుంది. రోజూ లాగి వదిలితే అది కదులుతూ ఉంటుంది. రాయిని నమ్ముకున్న బండిలో నెలల తరబడి కదలక బిగుసుకుపోతుంది, ఎప్పుడో అవసరమై లాగితే తిరిగి వదలదు. అలాంటి కేబుల్‌కు నూనె పోయడం కన్నా కొత్తది వేయడమే మేలు. రాయితో మరో ప్రమాదం కూడా ఉంది. బండి వెళ్లాక దాన్ని రోడ్డు మీదే వదిలేస్తే, చీకట్లో వచ్చే మోటారు సైకిలువాడికి అది ప్రాణం మీదికి తెస్తుంది.

పాత జీపులు కొన్నింటిలో హ్యాండ్ బ్రేకు చక్రాల్లో ఉండదు, గేరుబాక్సు వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పడుతుంది. వాటిలో ఒక వెనక చక్రం జాకీతో లేపితే, డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం గాల్లో తిరిగి బండి జారిపోగలదు. ఎయిర్ బ్రేకు లారీల పద్ధతి మరొకటి. అక్కడ పట్టేది బలమైన స్ప్రింగు, వదిలించేది గాలి. గాలి పోతే స్ప్రింగు తనంతట తానే పట్టేస్తుంది. పికప్‌కు ఆ రక్షణ లేదు.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. హ్యాండ్ బ్రేకు పరీక్షకు అంతవరకూ ఆగనక్కర్లేదు. రిపేరు అయిన రోజే, ఎదురుగా మనుషులూ బళ్లూ లేని వాలులో, సరుకుతో బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫుట్ బ్రేకు మీద కాలు మెల్లగా సడలించి చూడాలి. ఒకసారి ముందుభాగం పైకి, ఒకసారి కిందికి ఉండేలా నిలపాలి, ఎందుకంటే కొన్ని డ్రమ్ము బ్రేకులు రెండు దిశల్లోనూ ఒకేలా పట్టవు.