కొండ చాటైతే డ్రోన్‌కు మాట వినబడుతుందా?

ఆఫ్రికా ఖండంలో రువాండా అనే చిన్న దేశం ఉంది. దానికి 'వేయి కొండల నేల' అని పేరు. అక్కడి పల్లె ఆసుపత్రిలో కాన్పు సమయంలో ఒక తల్లికి రక్తస్రావం ఆగలేదనుకోండి. ఆమె గ్రూపు రక్తం వెంటనే కావాలి. అన్ని గ్రూపుల రక్తాన్నీ ప్రతి ఆసుపత్రిలో నిలవ ఉంచడం కుదరదు. మెలికలు తిరిగే కొండదారిలో వాహనం వచ్చేసరికి ఆలస్యమైపోవచ్చు.

అందుకే జిప్‌లైన్ అనే సంస్థ 2016 అక్టోబరులో ముహాంగా దగ్గరి కేంద్రం నుంచి డ్రోన్లతో రక్తం పంపడం మొదలుపెట్టింది. డ్రోన్ అంటే లోపల మనిషి లేకుండా ఎగిరే యంత్రం. రెక్కలున్న ఆ చిన్న విమానం ఆసుపత్రి మీదికి వచ్చి, పారాచూట్ కట్టిన రక్తపు పెట్టెను జారవిడిచి వెనుదిరుగుతుంది.

మరి మధ్యలో కొండ అడ్డమొస్తే నేల మీది సంకేతాలు దానికి ఎలా అందుతాయి?

గోడ వెనుక స్నేహితుడు

ఒక చిన్న ప్రయోగం చేయండి. రాత్రిపూట మీ స్నేహితుణ్ణి ఇంటి గోడ మలుపు అవతల నిలబెట్టండి. మీరు పిలిస్తే అతనికి వినబడుతుంది. టార్చి వేస్తే ఆ వెలుగు నేరుగా అతనిమీద పడదు. ఎందుకని? అడ్డు అంచున తరంగాలు వంగడాన్ని వివర్తనం అంటారు. పొడవైన తరంగాలు ఎక్కువగా, పొట్టివి తక్కువగా వంగుతాయి. ధ్వని తరంగాలతో పోలిస్తే కాంతి తరంగాలు ఎంతో పొట్టివి.

డ్రోన్లకు వాడే రేడియో తరంగాల సంగతేమిటి? వాటిలో చాలావాటి పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్‌జ్. అంటే సెకనుకు 240 కోట్ల కంపనాలు. రేడియో తరంగాల వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. 30ని 240తో భాగిస్తే 0.125 మీటరు. అంటే తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, జానెడైనా లేదు! కొండ ముందు ఇది చాలా పొట్టి తరంగం. అందుకే కొండ వెనుక సంకేతానికి 'నీడ' పడుతుంది.

దూరంతోనూ సంకేతం బలహీనపడుతుంది. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు, మూడింతలైతే తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. అయినా ఆరుబయట కొన్ని కిలోమీటర్లు అందే సంకేతం, కొండ అడ్డమైతే కొద్ది వందల మీటర్లకే తెగిపోవచ్చు.

దోసకాయంత దారి

డ్రోన్ కంటికి కనబడితే చాలదు. సంకేతం నడిచే దారి దారపు పోగులా ఉండదు. దోసకాయలా చివర్లలో సన్నగా, మధ్యలో లావుగా ఉంటుంది. 2 కిలోమీటర్ల దూరానికి మధ్యలో దాని వ్యాసార్ధం సుమారు 8 మీటర్లు. చెట్ల కొమ్మలో, కొండ అంచో అందులోకి చొరబడితే సంకేతం తగ్గుతుంది. కాబట్టి డ్రోన్ నడిపేవారు లోయలో కాక మెరక మీద నిలబడాలి.

పుల్లలాంటి యాంటెనా చుట్టూ తరంగాలు గారె ఆకారంలో వ్యాపిస్తాయి. గారె చిల్లులో యాంటెనా నిలబడి ఉన్నట్టు ఊహించుకోండి. దాని కొస వైపు సంకేతం చాలా తక్కువ. అందుచేత కొసను డ్రోన్ వైపు గురిపెట్టకూడదు. దాని పక్క భాగం డ్రోన్‌కు ఎదురుగా ఉండాలి.

సంకేతం తెగితే?

చాలా డ్రోన్లు సంకేతం తెగగానే ముందుగా చెప్పిన ఎత్తుకు లేచి, బయలుదేరిన చోటికి తిరిగి వస్తాయి. కొండల్లో ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. ఆ ఎత్తును బయలుదేరిన చోటు నుంచి కొలుస్తారు. లోయలో 100 మీటర్లని నిర్ణయించి, దారిలో 150 మీటర్ల గుట్ట ఉంటే డ్రోన్ దాన్ని ఢీకొంటుంది!

రువాండాలో విమానాన్ని ఎవరూ చేతితో నడపరు. దారి, ఎత్తు ముందే దాని కంప్యూటర్‌లో ఉంటాయి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలతో అది తన చోటు తెలుసుకుంటుంది. ఆ సంకేతాలు ఆకాశం నుంచి వస్తాయి కనుక, పైన ఎగిరే విమానానికి కొండలు అంతగా అడ్డురావు. క్షణక్షణం నేల నుంచి ఆజ్ఞ అందకపోయినా అది దారి తప్పదు.

మన తెలంగాణలోనూ 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగాలు జరిగాయి.

ఇప్పుడు మీకొక లెక్క. కొన్ని డ్రోన్లు 5.8 గిగాహెర్ట్‌జ్ తరంగాలు, మరికొన్ని 900 మెగాహెర్ట్‌జ్ తరంగాలు వాడతాయి. వాటి తరంగదైర్ఘ్యాలెంత? కొండ అంచున ఏది ఎక్కువ వంగుతుంది?