మడమ వెనక నొప్పి - మళ్ళీ పరుగు



తెల్లవారుజామున, ఇల్లు లేవకముందే బూట్లు తొడుక్కుని నాలుగు చుట్లు పరుగెత్తి వచ్చే గృహిణులు ఇప్పుడు మన పట్టణాల్లో తక్కువేమీ కాదు. హైదరాబాదులో కె.బి.ఆర్. పార్కు దగ్గరా, విశాఖపట్నం బీచి రోడ్డు మీదా కనిపిస్తూనే ఉంటారు. రోజు మొత్తంలో తమకంటూ మిగిలే అరగంట అది. ఆ అరగంటను కాస్తా లాగేసుకునే శత్రువు ఒకటుంది. అదే మడమ వెనక నొప్పి.

పొద్దున్నే మంచం దిగి నాలుగడుగులు వేసేటప్పుడు పట్టేసినట్టుంటుంది. కాస్త నడిస్తే సర్దుకుంటుంది. తగ్గింది కదా అని పరుగెత్తితే మర్నాడు మళ్ళీ మొదటికొస్తుంది. ఇలా నెలలు గడుస్తాయి. ఇంట్లోవాళ్ళు "పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగటం మేలు" అని సామెత అందుకుంటారు. మరి పరుగు మానెయ్యాల్సిందేనా? అక్కర్లేదు. కాని తిరిగి మొదలుపెట్టటానికి ఒక పద్ధతి ఉంది.

ముందు ఈ నొప్పి ఎక్కడిదో చూద్దాం. పిక్క కండ కిందికి దిగుతూ సన్నబడి, గట్టి తాడులా మడమ ఎముకకు అంటుకుంటుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది. డాక్టర్లు దాన్ని అకిలిస్ టెండన్ అంటారు. వాడుకలో మనం నరం అంటాం గాని, అది నరం కాదు. కండను ఎముకకు కట్టే బంధనం. పరుగెత్తేటప్పుడు దానిమీద మన బరువుకు ఆరేడు రెట్ల లాగుడు పడుతుంది. దానికి రక్తప్రసారం తక్కువ. అందుచేత ఒకసారి దెబ్బతింటే తేరుకోవటమూ నెమ్మదే.

"పూర్తిగా విశ్రాంతి తీసుకుంటే పోదా?" అని మీరడగవచ్చు. నొప్పి తగ్గుతుంది, నిజమే. కాని బలం రాదు. పని లేని బంధనం ఇంకా బలహీనపడుతుంది. మళ్ళీ పరుగెత్తిన రోజున ఆ బరువు మొయ్యలేక మొరాయిస్తుంది. దానికి కావలసింది పడక కాదు, కొలిచి ఇచ్చే పని.

ఈ సంగతి తెలిసిన తీరు వింతగా ఉంటుంది. స్వీడన్ దేశంలో హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడికే ఈ నొప్పి పట్టుకుంది. ఆపరేషన్ చెయ్యమంటే పైవాళ్ళు ఒప్పుకోలేదట. బంధనం తెగిపోతే చెయ్యక తప్పదు కదా అని, నొప్పి పెడుతున్నా లెక్కచెయ్యకుండా మడమను కిందికి దించే వ్యాయామం మొదలుపెట్టారట. తెగటం మాట అటుంచి, నొప్పే పోయింది! తరవాత పరుగు అలవాటున్న 15 మంది చేత 12 వారాలపాటు అదే చేయించి, 1998లో ఫలితాలు ప్రకటించారు. పదిహేనుమందీ తిరిగి మునుపటిలా పరుగెత్తగలిగారు.

ఆ వ్యాయామం ఇదీ. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, రెయిలింగు పట్టుకోండి. రెండు కాళ్ళతో పైకి లేచి, బరువంతా నొప్పి ఉన్న కాలి మీద వేసి, మడమను మెట్టుకన్నా కిందికి మెల్లగా దించండి. మోకాలు నిటారుగా ఉంచి 15 సార్లు చొప్పున మూడు విడతలు, మోకాలు కాస్త వంచి మరో మూడు విడతలు. ఉదయం కాఫీలయ్యాక ఒకసారి, రాత్రి వంటిల్లు సర్దాక ఒకసారి. మొదట్లో అన్నిసార్లు చెయ్యలేకపోతే చేతనైనన్ని చేసి పెంచుకోండి. తేలికనిపించాక భుజాన సంచీలో నాలుగు పుస్తకాలు వేసుకోండి. నొప్పి సరిగ్గా మడమ ఎముక దగ్గరే ఉంటే మాత్రం కిందికి దించవద్దు. గట్టు పట్టుకుని నేలమీదే చెయ్యండి. 12 వారాలంటే 84 రోజులు. రెండు మండలాల దీక్ష, పైన నాలుగు రోజులు అనుకోండి.

ఇక పరుగు. అరగంట వడివడిగా నడిచినా నొప్పి రాకపోతే, ఒంటికాలి మీద ఇరవైసార్లు మడమ ఎత్తగలిగితే మొదలుపెట్టవచ్చు. ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. అలా ఆరుసార్లు చాలు. రోజు విడిచి రోజే సుమా! బంధనం తిరిగి కట్టుకోవటానికి ఆ వ్యవధి కావాలి. వారం వారం పరుగు నిమిషాలు పెంచండి. వేగమూ, ఎత్తు రోడ్లూ ఆఖరున.

ఎంత నొప్పి ఫరవాలేదు? దీనికీ లెక్క ఉంది. నొప్పికి సున్నా నుంచి పది వరకు మార్కులు వెయ్యండి. అయిదు దాటకుండా ఉండి, మర్నాటి ఉదయానికల్లా తగ్గిపోతే ముందుకు సాగవచ్చు. తగ్గకపోతే ఒక మెట్టు వెనక్కి. ఈ నియమం పాటిస్తూ పరుగు మానకుండా వ్యాయామం చేసినవాళ్ళకు నష్టమేమీ కలగలేదని స్వీడన్ పరిశోధకులే 2007లో తేల్చారు. మీ గురువు మర్నాటి ఉదయమే.

కొన్ని జాగ్రత్తలు. ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఠప్పుమని, మునివేళ్ళ మీద లేవలేకపోతే బంధనం తెగిందేమోనని వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. పిక్క వాచి, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడూ ఆలస్యం కూడదు. మూత్రంలో మంటకు వాడే సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు ఈ బంధనాన్ని దెబ్బతీస్తాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో గట్టిగా హెచ్చరించింది. అవి వాడుతూ మడమ నొప్పి వస్తే డాక్టరుకు చెప్పండి. మధుమేహం ఉన్నవాళ్ళు ముందే సలహా తీసుకోవాలి.

పిల్లలకు జ్వరమొస్తే వేళ తప్పకుండా మందు వేస్తాం. మన కాలికి చెప్పిన వ్యాయామం మాత్రం రేపటికి వాయిదా వేస్తాం. పూటకు పది నిమిషాలు ఆ కాలికివ్వండి. మీ అరగంట మళ్ళీ మీకు దక్కుతుంది.