సెకనుకు పది కబుర్లు

భూపాలపల్లి నుంచి పరకాల వైపు బొగ్గు టిప్పర్ వెనకాల బైకు మీద పోతున్నామనుకోండి. దాని ముందు ఏముందో కనిపించదు. డ్రైవర్ కుడి ఇండికేటర్ వేస్తాడు. ‘నేను కుడికి తిరుగుతున్నా’ అని కావచ్చు, ‘ఖాళీగా ఉంది, దాటిపో’ అని కావచ్చు. మన రోడ్ల మీద బండికీ బండికీ మధ్య నడిచే మాటలు ఇవే. అర్థం తప్పితే దిద్దుకునే వ్యవధి ఉండదు.

లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. ప్రమాదం కంటపడి బ్రేకు మీద కాలు పడేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, అప్పటికే 33 మీటర్లు పోయాం. కారు ఆగడానికి ఇంకో 40 మీటర్లు కావాలి. లోడు లారీకి అంతకన్నా ఎక్కువ. ఇద్దరూ అదే వేగంతో ఎదురెదురుగా వస్తుంటే మధ్య దూరం సెకనుకు 44 మీటర్లు తరిగిపోతుంది.

వాహనాల మధ్య వైర్‌లెస్ హెచ్చరిక ఆ సెకన్లను పెంచడానికే. 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర, పరికరం ఉన్న ప్రతి బండీ సెకనుకు 10 సార్లు చెబుతుంటుంది: ఎక్కడున్నా, ఎటు పోతున్నా, ఎంత వేగం, బ్రేకు వేశానా. టవర్ అక్కర్లేదు కాబట్టి సిగ్నల్ లేని అడవి రోడ్డులోనూ పని చేస్తుంది. సుమారు 300 మీటర్ల దాకా వినిపిస్తుంది. ఎదురెదురు బండ్లకు అది దాదాపు 7 సెకన్లు. డ్రైవర్‌కు 7 సెకన్లంటే చాలా కాలం.

చిక్కల్లా జతలోనే. కబురు చెప్పేవాడితో పాటు వినేవాడికీ పరికరం ఉండాలి. నూటికి 10 బండ్లకు ఉంటే, ఎదురుపడే రెండింటికీ ఉండే అవకాశం 1 శాతమే. సగం బండ్లకు పెట్టినా 25 దాటదు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. ఈ పరికరాలు ముందుగా చేరేదేమో ఖరీదైన కార్లకు! అమెరికా 1999లోనే ఇందుకోసం 75 మెగాహెర్ట్జ్ పక్కన పెట్టింది. 2016లో కొత్త కార్లకు తప్పనిసరి చేస్తామంది. 2023లో ఆ ప్రతిపాదనే వెనక్కి తీసుకుంది.

రైల్వేకు ఈ తిప్పలు తక్కువ, ఇంజన్లన్నీ ఒకే ఇంటివి. జనగామ, మహబూబాబాద్ స్టేషన్లున్న దక్షిణ మధ్య రైల్వేలోనే, లింగంపల్లి–వికారాబాద్ సెక్షన్‌లో, 2022 మార్చి 4న, రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ వ్యవస్థను పరీక్షించారు. రైల్వే మంత్రి ఎక్కిన ఇంజన్, ఎదుటి ఇంజన్ 380 మీటర్ల దూరంలో ఉండగానే తనంతట తానే ఆగిపోయింది.

రోడ్డు మీద అలా కుదరదు. తొర్రూరు–మరిపెడ దారిలో సందె చీకట్లో మిర్చి బస్తాల ట్రాలీ వెనక పోయి చూడండి. ఎర్ర లైట్లు ఉండవు. ఎడమ పక్క ఒక రిఫ్లెక్టర్ స్టిక్కర్, కుడి పక్కది సగం ఊడి వేలాడుతుంటుంది. దానికి జత బండి అక్కర్లేదు, మన హెడ్‌లైటు పడితే చాలు, మెరుస్తుంది.